రాత్రి నగరం: దీపం, చీకటి, మనిషి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:

• రాత్రిపూట తీసిన ఛాయాచిత్రంలో ఎక్స్‌పోజర్ సమయం చిత్రం అర్థాన్ని ఎలా మారుస్తుందో వివరించగలుగుతారు.
• బెరెనిస్ ఆబట్, బ్రస్సాయ్, బిల్ బ్రాంట్‌ల పద్ధతులను పోల్చి, వాటి బలాలనూ పరిమితులనూ చెప్పగలుగుతారు.
• సెల్‌ఫోనులోని నైట్ మోడ్ ఇచ్చే చిత్రాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• మీ ఊరి వీధి దీపాలను తీసేటప్పుడు మీరు చేసిన ఎంపికలకు కారణాలు చెప్పగలుగుతారు.

1. పరిచయం

రాత్రివేళ నగర దీపాలను ఫొటో తీయటం కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా రెండు ఫిర్యాదులు చేస్తారు. ఫొటో కదిలిపోయిందని ఒకటి, నల్లగా వచ్చిందని మరొకటి. మొదటిదానికి పరిష్కారం సులభం. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించాలి, అది లేకపోతే గోడ మీదనో స్టూలు మీదనో కదలకుండా పెట్టాలి. మీట నొక్కేటప్పుడు చెయ్యి తగిలి కదలకుండా రెండు సెకన్లో, పది సెకన్లో టైమరు పెట్టుకోవాలి. దీనితో మొదటి ఫిర్యాదు దాదాపు తీరిపోతుంది.

రెండవ ఫిర్యాదు అంత తేలికైనది కాదు. రాత్రి తీసిన చిత్రం నల్లగా రావటం ఎప్పుడూ లోపమేనా? రాత్రి అంటేనే చీకటి కదా! చీకటిని పూర్తిగా తుడిచివేసిన చిత్రాన్ని రాత్రి చిత్రమని ఎలా అనగలం? అలాగని అంతా చీకటిగా వదిలేస్తే చూసేవారికి ఏమి మిగులుతుంది? ఎంత వెలుగు రానివ్వాలి, ఎంత చీకటి ఉంచాలి అన్న ఈ ప్రశ్న పైకి సాంకేతికమైనదిగా కనిపిస్తుంది. నిజానికి ఇది విమర్శకు సంబంధించిన ప్రశ్న. ఏది చూపాలి, ఎవరిని చూపాలి అన్న నిర్ణయం ఇందులోనే దాగి ఉంది. ఈ భాగంలో 1930లలో పనిచేసిన ముగ్గురు ఛాయాచిత్రకారుల రాత్రి చిత్రాలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2. కాలం చేసే ఎంపిక

పగటి వెలుగులో షట్టరు సెకనులో వందో వంతు, ఐదు వందో వంతు తెరుచుకుంటే చాలు. రాత్రి వీధిలో అదే షట్టరు చాలా సేపు తెరిచి ఉండాలి. కెమెరాలో వెలుగును నియంత్రించేవి మూడు: లెన్స్ ద్వారం పరిమాణాన్ని తెలిపే అపర్చర్, షట్టర్ సమయం, వెలుగుకు సెన్సర్ చూపే స్పందనను తెలిపే ఐఎస్ఓ. ఒకటి తగ్గిస్తే మరొకటి పెంచాలి. ఉదాహరణకు ఎఫ్/4 వద్ద 1 సెకను సరిపోతే, ఎఫ్/8 వద్ద 4 సెకన్లు, ఎఫ్/16 వద్ద 16 సెకన్లు కావాలి. మూడు చిత్రాల్లోనూ మొత్తం మీద వెలుగు ఒకే మాదిరిగా ఉంటుంది. కానీ మూడూ ఒకే చిత్రం కావు. ఒక సెకనులో నడిచి వెళ్లే మనిషి మసకగానైనా కనిపిస్తాడు. పదహారు సెకన్లలో అతడు దాదాపు మాయమవుతాడు. కారు మాయమై, దాని దీపాలు మాత్రం ఎర్రని, తెల్లని గీతలుగా మిగులుతాయి.

ఇది ఛాయాచిత్రకళతో పాటే పుట్టిన లక్షణం. లూయీ డాగెర్ 1838లో పారిస్‌లోని బులివార్ ద్యు తాంప్ల్ అనే వీధిని పగటివేళ చిత్రించారు. రద్దీగా ఉండే ఆ వీధి చిత్రంలో ఖాళీగా కనిపిస్తుంది. నాటి పలకకు చాలా నిమిషాల ఎక్స్‌పోజర్ అవసరమైంది. కదిలే బండ్లు, నడిచే జనం ఆ పలక మీద నిలవలేదు. నిలిచింది చెప్పులకు పాలిష్ చేయించుకుంటున్న ఒక మనిషి, అతని కాలి దగ్గర పనిచేస్తున్నవాడు. ఉన్నచోటే ఆగిన కారణంగా వారు చరిత్రలోకి వచ్చారు.

ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకోండి. దీర్ఘ ఎక్స్‌పోజర్ ఒక జల్లెడ వంటిది. కదిలేవారిని కిందికి వదిలేసి, ఆగినవారిని పైన ఉంచుతుంది. రాత్రి నగరాన్ని తీసే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఈ జల్లెడ ఉంటుంది. దాని కన్నాలు ఎంత ఉండాలో నిర్ణయించేది ఫొటో తీసేవారే.

3. బెరెనిస్ ఆబట్: ఎత్తు నుంచి చూసిన నగరం

అమెరికా ఛాయాచిత్రకారిణి బెరెనిస్ ఆబట్ (1898–1991) తీసిన 'నైట్‌వ్యూ, న్యూయార్క్' రాత్రి నగర చిత్రాలలో అత్యంత ప్రసిద్ధమైనది. దీనిని 1932 నాటిదిగా చెబుతారు. 1931లో ప్రారంభమైన ఎంపైర్ స్టేట్ భవనం పై అంతస్తు నుంచి ఆమె కిందికి చూస్తూ తీశారు. ఎక్స్‌పోజర్ సుమారు 15 నిమిషాలు.

ఈ చిత్రం వెనుక ఉన్న ఆలోచన కొత్తగా నేర్చుకొనేవారికి పెద్ద పాఠం. ఆఫీసు భవనాల్లో దీపాలు వెలుగుతూ ఉండాలి, బయట చీకటి పడి ఉండాలి. ఉద్యోగులు సాయంత్రం 5 గంటలకు దీపాలు ఆర్పి ఇళ్లకు వెళ్లిపోతారు. వేసవిలో అప్పటికి ఇంకా ఎండ ఉంటుంది. పొద్దు అతి తక్కువగా ఉండే డిసెంబరు మూడో వారంలో మాత్రమే, 5 గంటల లోపు చీకటి పడుతుంది. ఏడాది మొత్తంలో ఆ కొద్ది రోజుల్లో, ఆ కొద్ది నిమిషాల్లో తప్ప ఈ చిత్రం సాధ్యం కాదు. ఖరీదైన కెమెరా కంటే పంచాంగం, గడియారం ఇక్కడ ముఖ్యమైన పరికరాలయ్యాయి.

ఈ చిత్రంలో ఒక్క మనిషి ముఖం కూడా కనిపించదు. అయినా ఇది మనుషులు లేని చిత్రం కాదు. వెలుగుతున్న ప్రతి కిటికీ వెనుకా ఎవరో ఇంకా పనిలో ఉన్నారు. భవనాల ఆకారాన్ని మన కంటికి చూపుతున్నది వారి దీపాలే. పని గంటలు ముగిస్తే చిత్రం కూడా ముగుస్తుంది. ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలంలో తీసిన చిత్రంగా చూసినప్పుడు, వెలుగుతున్న ఆ కిటికీలకు మరింత బరువు వస్తుంది.

అయితే ఈ చిత్రాన్ని అనుకరించేవారు దాని ఆలోచనను వదిలి ఎత్తును మాత్రమే తీసుకుంటారు. మేడ మీదికో, ఫ్లైఓవర్ మీదికో ఎక్కి కిందికి చూసి తీస్తారు. దీపాలు నగల దుకాణంలో పరిచిన రాళ్లలా మెరుస్తాయి. హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన, విశాఖపట్నం బీచ్ రోడ్డు, విజయవాడ ప్రకాశం బ్యారేజీ వంటి చోట్ల తీసిన వందల చిత్రాలు చూడటానికి బాగుంటాయి. కానీ ఒకదాని పక్కన ఒకటి పెడితే వాటిని తీసినవారిని వేరు చేసి చెప్పటం కష్టం. ఎందుకు ఆ రోజు, ఎందుకు ఆ వేళ అని అడిగితే జవాబు ఉండదు. ఆబట్ చిత్రంలో ఆ జవాబు ఉంది. ఆ చిత్రం నుంచి తీసుకోవలసిన మొదటి పాఠం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

అ) ఎఫ్/8 వద్ద 5 సెకన్ల ఎక్స్‌పోజర్ సరిపోయినప్పుడు, అదే ఐఎస్ఓతో ఎఫ్/16 వద్ద ఎన్ని సెకన్లు కావాలి?
ఆ) ఆబట్ తన చిత్రానికి డిసెంబరు మాసాన్ని ఎంచుకోవటానికి కారణమేమిటి?

4. బ్రస్సాయ్: వీధిలో నిలబడి చూసిన నగరం

ఆబట్ పై నుంచి చూస్తే, బ్రస్సాయ్ కింద నడిచారు. ఆయన అసలు పేరు జ్యులా హలాస్. 1899లో నాటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో ఉన్న బ్రాషో పట్టణంలో పుట్టారు. ఆ పట్టణం ఇప్పుడు రుమేనియాలో ఉంది. తన ఊరి పేరునే కలం పేరుగా మార్చుకున్నారు. 1924లో పారిస్ చేరి, పత్రికలకు రాస్తూ బతికారు. రాత్రంతా వీధులు తిరిగే అలవాటు ముందు వచ్చింది, కెమెరా తరువాత వచ్చింది. ఆయన చిత్రాల సంపుటి 'పారి ద నుయి' 1933లో ప్రసిద్ధిలోకి వచ్చింది. 'రాత్రివేళ పారిస్' అని దాని అర్థం. పోల్ మొరాన్ దానికి వచనం రాశారు.

బ్రస్సాయ్ వాడింది గాజు పలకల చిన్న కెమెరా. ఒక రాత్రికి మోసుకుపోగలిగే పలకలు కొద్దిగానే ఉంటాయి. కనుక ప్రతి చిత్రానికీ ముందు ఆలోచించవలసిందే. ఎక్స్‌పోజర్‌ను కొలవటానికి ఆయన సిగరెట్టును వాడుకున్న సంగతి ప్రసిద్ధం. కాస్త వెలుగున్న చోట ఒక రకం సిగరెట్టు కాలేంత సేపు, మరింత చీకటి ఉన్న చోట అంతకంటే లావైన, ఎక్కువ సేపు కాలే రకం. ఈ సంగతిని చమత్కారంగా చెప్పుకొని వదిలేయటం సరికాదు. ఎక్స్‌పోజర్ జరిగినంత సేపూ ఆయన ఆ వీధిలోనే నిలబడి, ఆ చీకటిని చూస్తూ ఉన్నారన్నది ఇందులో అసలు విషయం.

బ్రస్సాయ్ చిత్రాల్లో కొత్తవారు గమనించవలసిన పద్ధతులు మూడు.

మొదటిది, దీపాన్ని దాచటం. వీధి దీపానికీ, దాని పక్కనున్న చీకటి మూలకూ మధ్య వెలుగులో తేడా చాలా ఎక్కువ. మూల కనిపించేలా ఎక్స్‌పోజర్ ఇస్తే దీపం తెల్లని మరకగా పేలిపోతుంది. దీపానికి తగినట్లు ఇస్తే మూల మునిగిపోతుంది. బ్రస్సాయ్ దీపాన్ని చెట్టు మాను వెనుకకో, స్తంభం వెనుకకో వచ్చేలా తాను జరిగి నిలబడేవారు. దీపం కనిపించదు, దాని వెలుగు మాత్రం కనిపిస్తుంది. అడ్డుగా నిలిచిన వస్తువు నల్లని ఆకారంగా మారి చిత్రానికి బలం ఇస్తుంది.

రెండవది, వాన, పొగమంచు. తడిసిన రాతి వీధి మీద పడిన వెలుగు తిరిగి పైకి వస్తుంది. అందువల్ల నేల కూడా ఒక దీపంలా పనిచేస్తుంది. పొగమంచు వెలుగును గాలిలో పరుస్తుంది. మంచులో ప్రకటనల స్తంభం నల్లగా నిలిచి, దాని వెనుక నుంచి వెలుగు వ్యాపించే ఆయన చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. మనకు పారిస్ మంచు లేదు. కానీ జూలై, ఆగస్టు నెలల్లో వాన వెలిసిన తరువాత తారు రోడ్డు ఉంది. కెమెరా తడవకుండా ఒక ప్లాస్టిక్ సంచి చాలు.

మూడవది, చీకటిని చీకటిగానే వదలటం. ఆయన చిత్రాల్లో సగానికి సగం నలుపు ఉండటం అరుదు కాదు. ఆ నలుపులో ఏముందో చూసేవారే ఊహించుకోవాలి. వెలుగులో ఉన్న కొద్ది భాగం మీద మన చూపు నిలవటానికి కారణం చుట్టూ ఉన్న ఆ నలుపే.

బ్రస్సాయ్‌ని మెచ్చుకొని ఊరుకోవటం విమర్శ అనిపించుకోదు. ఆయన చిత్రాల్లోని మనుషుల గురించి ఒక ప్రశ్న వేయాలి. నాటి పలకల మీద రాత్రివేళ మనిషి స్పష్టంగా రావాలంటే రెండే దారులు: ఆ మనిషి కదలకుండా ఉండాలి, లేదా మెగ్నీషియం పొడితో ఫ్లాష్ వెలిగించాలి. రెండు దారుల్లోనూ ఎదుటి మనిషికి తాను చిత్రంలో ఉన్నానని తెలుస్తుంది. కొన్ని చిత్రాల్లో ఆయన మిత్రులే పాత్రలుగా నిలబడ్డారు. పారిస్ చీకటి సందుల్లోని దొంగలు, వేశ్యలు ఆయన చిత్రాల్లో ఒక రహస్య ప్రపంచపు వ్యక్తులుగా కనిపిస్తారు. వారి పేదరికం కంటే వారి చుట్టూ ఉన్న రహస్యమే మనల్ని ముందుగా ఆకర్షిస్తుంది. 1930లలో అచ్చు వేయటానికి వీలుకాని చిత్రాలు 1976లో మరో సంపుటిగా వచ్చినప్పుడు కూడా పాఠకులను లాగింది ఆ రహస్యమే. అదే సమయంలో రాత్రి వీధుల్లో పనిచేసే కార్మికుల పట్ల ఆయన చూపిన శ్రద్ధను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే బ్రస్సాయ్ సరిగా అర్థమవుతారు.

5. బిల్ బ్రాంట్: ఏర్పాటు చేసిన రాత్రి

1904లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టి, లండన్‌లో స్థిరపడిన బిల్ బ్రాంట్ మీద 'పారి ద నుయి' ప్రభావం స్పష్టంగా ఉంది. 1938లో ఆయన 'ఎ నైట్ ఇన్ లండన్' సంపుటిని ప్రచురించారు. ఇందులోని చాలా చిత్రాల్లో ఆయన కుటుంబ సభ్యులు, మిత్రులు పాత్రలు ధరించారు. అంటే వీధిలో జరిగినది జరిగినట్లు పట్టుకున్నవి కావు, జరిగినట్లు కూర్చినవి.

దీనిని మోసమనాలా? చిత్రాన్ని వార్తగా ప్రచురిస్తే మోసమే. ఒక నగరపు రాత్రిని గురించిన ఊహగా ఇస్తే అది నాటకం, కథల కోవలోకి వస్తుంది. చిత్రం కింద ఏమి రాశారన్న దాన్ని బట్టి మన తీర్పు ఉంటుంది. నా దృష్టిలో బ్రాంట్ రాత్రులు బ్రస్సాయ్ రాత్రుల కంటే చక్కగా అమరినవి. అయితే అమరిక ఎక్కువైన కొద్దీ వీధి ఇచ్చే అనుకోని విషయం తగ్గుతుంది.

బ్రాంట్ పనిలో దీనికంటే గొప్ప భాగం ఆ తరువాత వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత, విమానదాడుల భయంతో లండన్‌లో వీధి దీపాలు ఆర్పివేశారు. బ్రాంట్ వెన్నెల వెలుగులో చాలా నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఆ నగరాన్ని తీశారు. దీపం లేని నగరంలో భవనాలు కొండల్లా నిలిచాయి. దీపాలను తీయటం నేర్చుకొనేవారు ఈ చిత్రాలను తప్పక చూడాలి. దీపం వెలగటం వెనుక శాంతి, విద్యుత్తు, రాత్రి పనిచేసే మనుషులు ఉంటారన్న సంగతి ఆ చీకటి చిత్రాల పక్కన పెడితే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

అ) దీపాన్ని స్తంభం వెనుక దాచటం వల్ల చిత్రానికి కలిగే రెండు ప్రయోజనాలు రాయండి.
ఆ) ఏర్పాటు చేసి తీసిన చిత్రం ఏ సందర్భంలో మోసమవుతుంది?

6. నైట్ మోడ్: రాత్రిని పగలు చేసే యంత్రం

మీలో చాలామంది దగ్గర ఉన్న కెమెరా సెల్‌ఫోనే. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్, 2019లో ఐఫోన్ 11లో నైట్ మోడ్ వచ్చిన తరువాత ఈ సౌకర్యం క్రమంగా చవక ఫోన్లకూ చేరింది. ఫోను ఒకే దీర్ఘ ఎక్స్‌పోజర్‌కు బదులు వరుసగా అనేక చిత్రాలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిచేసి కలుపుతుంది. చేతితో పట్టుకొని తీసినా చిత్రం నిలకడగా వస్తుంది. ట్రైపాడ్ కొనలేనివారికి ఇది నిజమైన మేలు.

కాని ఈ యంత్రానికి ఒక అభిప్రాయం ఉంది. చీకటి లోపమని, దాన్ని సరిచేయాలని అది అనుకుంటుంది. నీడలను పైకి లేపుతుంది. రంగులను శుభ్రం చేస్తుంది. పాత సోడియం దీపాల కింద వీధి నారింజ రంగులో ఉంటుంది, ఎల్‌ఈడీల కింద తెల్లగా ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖపట్నంలో వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చినప్పుడు ఆ నగరపు రాత్రి రంగే మారింది. ఇది ఒక నగర చరిత్రలో భాగం. ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్ ఈ తేడాను చాలావరకు చెరిపివేయటానికి ప్రయత్నిస్తుంది.

దీనికి ఫోనును పక్కన పడేయనక్కరలేదు. తెర మీద దీపం దగ్గర వేలు పెట్టి, ఎక్స్‌పోజర్ గీతను కిందికి జరపండి. ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మీరే నిర్ణయించండి. యంత్రం చెప్పిన వెలుగును ఒప్పుకోకపోవటం దగ్గరే ఫొటో తీసేవారి సొంత చూపు మొదలవుతుంది.

7. జల్లెడలో ఎవరు మిగులుతారు?

ఇప్పుడు డాగెర్ వీధికి సంబంధించిన ఆలోచనను మన రాత్రికి అన్వయిద్దాం. రాత్రి పదకొండు గంటలకు ఒక కూడలిలో 15 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చామనుకోండి. కార్లు గీతలవుతాయి. ఇంటికి పరుగెత్తేవారు మాయమవుతారు. చీపురుతో ఊడుస్తూ ముందుకు సాగే పారిశుద్ధ్య కార్మికురాలు కూడా మాయమవుతుంది. ఏటీఎం ముందు కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్, సవారీ కోసం ఎదురుచూస్తున్న ఆటో డ్రైవరు, బండి దగ్గర నిలబడ్డ ఇడ్లీలమ్మే ఆమె మిగులుతారు, కొంచెం మసకగానైనా. నగరంలో రాత్రివేళ కదలకుండా ఉండటమే పనిగా ఉన్నవారు వీరు.

అంటే 15 సెకన్లు ఎంచుకున్నప్పుడు మనం వాచ్‌మన్‌ను ఉంచి, ఊడ్చే ఆమెను తొలగించాం. ఆమె కూడా ఉండాలంటే సమయం తగ్గించాలి, ఐఎస్ఓ పెంచాలి, చిత్రంలో కొంత గరుకుదనం ఒప్పుకోవాలి. 'కార్ల దీపాల గీతలు అందంగా వచ్చాయి' అని సంతోషించేముందు ఆ గీతల కింద ఎవరు చెరిగిపోయారో ఒకసారి ఆలోచించాలి. చిత్రం అందంగా ఉండటానికీ, న్యాయంగా ఉండటానికీ మధ్య ఇలాంటి చోట బేరం కుదుర్చుకోవలసి వస్తుంది. ప్రతిసారీ ఒకే జవాబు ఉండదు. కానీ జవాబు తెలియకుండా షట్టరు నొక్కటం, తెలిసి నొక్కటం ఒకటి కావు.

కెమెరాను నిమిషాల తరబడి ఒకచోట పెట్టేవారికి ఒక సౌలభ్యం కూడా ఉంది. దొంగచాటుగా తీయలేరు. 'అన్నా, ఒక ఫొటో తీసుకోనా?' అని అడగటానికి తగినంత సమయం దొరుకుతుంది. వద్దంటే కెమెరా పక్కకు తిప్పాలి. రైల్వే స్టేషన్లు, ఆనకట్టల వంటి చోట్ల అనుమతి నియమాలు ముందే తెలుసుకోవాలి. ఒంటరిగా వెళ్లకుండా ఒక తోడును తీసుకువెళ్లండి.

8. అభ్యాసం

మీ ఇంటికి దగ్గరలో ఒక వీధి దీపాన్ని ఎంచుకోండి. పెద్ద నగరం అవసరం లేదు, మండల కేంద్రంలోని బస్టాండు చాలు. సూర్యాస్తమయం తరువాత ఆకాశంలో ముదురు నీలం ఇంకా మిగిలి ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా చీకటి పడిన తరువాత ఒకసారి వెళ్లండి. ప్రతిసారీ ఒకే చోట నుంచి మూడు చిత్రాలు తీయండి. ఫోను ప్రో మోడ్‌లో అయితే ఐఎస్ఓ 1600తో పావు సెకను, ఐఎస్ఓ 400తో 1 సెకను, ఐఎస్ఓ 100తో 4 సెకన్లు. మూడింటిలోనూ వెలుగు సమానంగా ఉంటుంది. వెలుగు మరీ ఎక్కువైనా తక్కువైనా మూడు సమయాలనూ అదే నిష్పత్తిలో మార్చుకోండి. తరువాత రెండు అడుగులు పక్కకు జరిగి, దీపం ఏదైనా వస్తువు వెనుక దాగేలా మరొకటి తీయండి.

చిత్రాలను పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయండి: ఏ చిత్రంలో ఎవరున్నారు, ఎవరు లేరు, నలుపు ఎక్కడ పనిచేసింది, ఎక్కడ వృథా అయింది. ఏది అందంగా ఉందో చివర రాయండి.

సారాంశం

రాత్రి ఛాయాచిత్రం వెలుగును పోగుచేసే పని. ఎంతసేపు పోగుచేస్తామన్నది చిత్రంలో ఎవరు ఉంటారో నిర్ణయిస్తుంది. ఆబట్ సరైన వేళను ఎంచుకోవటం నేర్పారు. బ్రాంట్ చిత్రాల నుంచి ఏర్పాటుకున్న శక్తిని, దాని హద్దునూ, దీపం విలువనూ తెలుసుకుంటాం. బ్రస్సాయ్ వీధిలో నిలబడి చీకటిని గౌరవించటం నేర్పారు. కొత్తవారికి ఈ ముగ్గురిలో బ్రస్సాయ్ మొదటి గురువుగా తగినవారని ఈ పాఠం అభిప్రాయం. ఎత్తైన భవనం, పెద్ద నగరం, ఖరీదైన పరికరాలు లేకుండానే ఆయన పద్ధతిని ఏ వీధిలోనైనా సాధన చేయవచ్చు. నైట్ మోడ్ ఉపయోగపడే పరికరమే. అయితే ఎంత చీకటి ఉంచాలన్న నిర్ణయాన్ని దానికి వదిలేయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధాన సూచనలు

1. అ) 20 సెకన్లు. ఆ) ఆఫీసు దీపాలు ఆరకముందే చీకటి పడేది ఆ రోజుల్లోనే.
2. అ) దీపం తెల్లని మరకగా మారదు, అడ్డుగా ఉన్న వస్తువు బలమైన నల్లని ఆకారమవుతుంది. ఆ) జరిగిన సంఘటనగా నమ్మించి ప్రచురించినప్పుడు.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆబట్, బ్రస్సాయ్‌ల రాత్రి చిత్ర పద్ధతులను పోల్చి, కొత్తగా నేర్చుకొనేవారికి ఏది ఎక్కువ ఉపయోగపడుతుందో చర్చించండి.
2. 'దీర్ఘ ఎక్స్‌పోజర్ ఒక జల్లెడ వంటిది' – మీరు తీసిన చిత్రాల ఆధారంగా ఈ అభిప్రాయాన్ని సమర్థించండి లేదా ఖండించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రాత్రి చిత్రంలో నలుపు చేసే పనిని వివరించండి.
2. నైట్ మోడ్ వల్ల కలిగే మేలునూ, నష్టాన్నీ అంచనా వేయండి.